రెండో రౌండ్‌లో కూర్చుండిపోయిన పిల్ల: ఒక పీడీ మాస్టారి కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో పీడీగా, అంటే ఆటల మాస్టారిగా పనిచేస్తున్నాను. ఊరి పేరు, పిల్లల పేర్లు రాయడం లేదు, వాళ్ళ బరువుల గురించీ పొద్దుటి తిండి గురించీ రాస్తూ పేర్లు పెట్టడం పద్ధతి కాదు కాబట్టి. ఆరు నుంచి పది దాకా తరగతులున్న మామూలు బడి. గ్రౌండ్ పెద్దదే, కానీ సగం మేర పల్లేరుకాయలు, ఒక మూల రెండు వేపచెట్లూ ఒక రావిచెట్టూ. ఆ నీడ గురించి తర్వాత చెప్తాను, అది చాలా పనికొచ్చింది.

2024 సెప్టెంబరు, దసరా సెలవులకి ముందు. కేంద్ర ప్రభుత్వం బడి పిల్లలకి పెట్టించే ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలు పెడుతున్నాను. తొమ్మిదేళ్ళు నిండిన పిల్లలకి ఎత్తు, బరువు, 50 మీటర్ల పరుగు, కాళ్ళు చాపుకుని ముందుకి వంగడం, కర్లప్స్, పుషప్స్, వీటన్నిటితో పాటు 600 మీటర్లు పరిగెత్తడమో నడవడమో. మా గ్రౌండ్‌లో సున్నంతో గీసుకున్న చుట్టు 150 మీటర్లు, అంటే నాలుగు రౌండ్లు. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు పరిగెడుతున్నారు. రెండో రౌండ్ సగంలో ఒక పిల్ల నెమ్మదించి, నడిచి, వేపచెట్టు దగ్గరకి వచ్చేసరికి అలాగే కూర్చుండిపోయింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

"టీ తాగీసి వొచ్చీసినాను సార్, అన్నం ఉడకనేదు."

వెనకాల నిలబడిన ముగ్గురు నలుగురిది కూడా అదే జవాబు. ఒకమ్మాయి మాత్రం టీతో పాటు రెండు బిస్కెట్లు తిందట. నేను నీళ్ళు తాగించి, నీడలో కూర్చోబెట్టి, రిజిస్టర్‌లో ఆ పిల్ల పేరు ఎదురుగా 'స్టామినా లేదు' అని రాసుకున్నాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆ మాట ఎన్ని పేర్ల ఎదురుగా రాశానో లెక్క లేదు. అక్కడ రాయాల్సింది వేరే అని అర్థం కావడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది.

ముందు నేను చేసిన తప్పులు చెప్పేస్తాను. అసెంబ్లీలో మైకు పట్టుకుని 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని ఉపన్యాసం ఇచ్చాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో టైమ్‌టేబుల్ చూస్తే మా బడిలో ఒక తరగతికి వారానికి రెండు ఆటల పీరియడ్లు, అందులో ఒకటి ఎప్పుడూ లెక్కల మాస్టారు అప్పు తీసుకుంటారు, ఆ అప్పు ఎన్నడూ తీర్చరు. వారానికి నలభై నిమిషాలు ఇచ్చేవాడిని, నేను రోజుకి గంట గురించి మాట్లాడుతున్నాను.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఎత్తు బరువులు కొలిచేటప్పుడు అందరి ముందూ పైకి చదివాను, ఒక పిల్లాడు రాసుకుంటాడని. ఏడో తరగతిలో ఒక లావు కుర్రాడున్నాడు, వాడి బరువు చదవగానే వెనకనుంచి ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఆ తర్వాత మూడు వారాలు వాడు గ్రౌండ్ వైపు రాలేదు, కడుపు నొప్పనేవాడు ఒకరోజు, కాలు నొప్పనేవాడు ఇంకోరోజు. ఇప్పుడు బరువు కొలిచేది స్టోర్ రూమ్‌లో, ఒక్కొక్కరినీ పిలిచి, నేనే రాసుకుంటాను. బడిలో సన్నగా ఎండిపోయిన పిల్లలే ఎక్కువ, లావు పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరుంటారు, విచిత్రమేమిటంటే తర్వాత రాయించిన చీటీల్లో అందరి తిండీ ఇంచుమించు ఒకటే.

చీటీలంటే, అక్టోబరులో ఒక వారం పాటు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత రాయించినవి. పేరు రాయక్కర్లేదు, మార్కుల్లేవు, తిట్టడాల్లేవు. లేచిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఏం తిన్నావు, నిన్న సాయంత్రం ఎక్కడ ఆడావు, ఈ రెండే ప్రశ్నలు. చీటీలన్నీ ఇంటికి పట్టుకెళ్ళి చదివాను. పొద్దున్న టీ, లేదా టీలో ముంచుకున్న రస్కు. ఇంటర్వెల్‌లో గేటు బయట అయిదు రూపాయల ప్యాకెట్. మధ్యాహ్నం అన్నం 'కొంచెం'. సాయంత్రం ఆట అన్నచోట మగపిల్లలు క్రికెట్ అనో ఫోన్ అనో రాశారు. ఆడపిల్లల చీటీల్లో ఆ చోటు చాలావరకు ఖాళీ. ఒకమ్మాయి మాత్రం 'నీళ్ళు తెచ్చినాను, చెల్లిని ఎత్తుకున్నాను' అని రాసింది. అది వ్యాయామం కింద రాయాలో పని కింద రాయాలో నాకు తెలియలేదు.

అప్పుడు లంకె దొరికింది. పొద్దున్న కడుపులో ఏమీ లేదు, కాబట్టి పదిన్నరకి ప్యాకెట్ కావాలి. ఆ ప్యాకెట్ తిన్నాక మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది, కాబట్టి అన్నం సగం పారేస్తారు. మూడున్నరకి ఆటల పీరియడ్ వచ్చేసరికి మళ్ళీ నీరసం. నేను ఆ నీరసం దగ్గర నిలబడి విజిల్ ఊదుతున్నాను. పైగా ప్రభుత్వం కొలిచి ఇచ్చే భోజనం చిన్నదేమీ కాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి రోజుకి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు లెక్క, 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ అందాలి. దాని మీద మన రాష్ట్రంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ, వారానికి మూడు రోజులు రాగి జావ. పథకం పేరు గోరుముద్ద నుంచి డొక్కా సీతమ్మ గారి పేరుకి మారింది కానీ గుడ్డు గుడ్డే. ఆ తిండి పళ్ళెం దాకా వస్తోంది, కడుపులోకే వెళ్ళడం లేదు.

హెచ్ఎం మేడమ్ దగ్గరకి వెళ్ళి ఒక్కటే అడిగాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి ఆటని సాయంత్రం నుంచి తీసి భోజనానికి ముందు పెట్టండి, రోజూ ఇరవై నిమిషాలు చాలు. వారానికి రెండు పీరియడ్లని ముక్కలు చేస్తే చాలావరకు సరిపోతుంది, మిగిలినది ఇంటర్వెల్ లోంచీ భోజన విరామం లోంచీ తీసుకుందాం అన్నాను. "ఎండలో ఆడించి అన్నానికి పంపిస్తే పిల్లలు నిద్రపోతారు, రిజల్ట్ తగ్గితే ఎవరు సమాధానం చెప్తారు మాస్టారూ?" అన్నారు. నెల రోజులు ఇవ్వండి మేడమ్ అన్నాను. ఎండకి ఆ మూల వేపచెట్లూ రావిచెట్టూ ఉన్నాయి కదా, అక్కడే ఆడిస్తానన్నాను. నెల రోజులకి ఒప్పుకున్నారు, లెక్కల మాస్టారు అప్పు అడగడానికి వీల్లేకుండా పీరియడ్ మాయమైపోయినందుకు కొంచెం ముభావంగా ఉన్నారు, అంతే.

ఇది పనిచేసింది. ఎందుకు పనిచేసిందో చెప్పాలంటే వంటచేసే అమ్మల మాటే చెప్పాలి. "ఇదివరకు గంట కొట్టగానే అందరూ ఒక్కసారి మీద పడిపోయేవోళ్ళు బాబూ, ఇప్పుడు తొమ్మిది, పది ముందు తినీసి ఎల్లిపోతన్నారు, చిన్నోళ్ళు ఆడీసి వస్తన్నారు." క్యూ రెండు ముక్కలైంది, తోపులాట తగ్గింది, పిల్లలు కూర్చుని తినడానికి టైమ్ దొరికింది. అంతకుముందు అన్నం ఎంత తొందరగా ముగిస్తే అంత ఎక్కువసేపు ఆడుకోవచ్చని పిల్లల లెక్క, అందుకే నాలుగు ముద్దలు తిని పళ్ళెం కడిగేసేవాళ్ళు. ఆట ముందే అయిపోతే ఆ తొందర లేదు. ఆడొచ్చిన ఆకలి ఎలాగూ ఉంది. ఇంకోటి నేను అనుకోనిది, మట్టిలో ఆడి వచ్చినవాళ్ళు చెప్పకుండానే కుళాయి దగ్గరకి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. చేతులు కడుక్కోండర్రా అని ఎన్ని పోస్టర్లు అంటించామో. దిబ్బ మీద పారేసే అన్నం తగ్గిందని ముందుగా కనిపెట్టింది మేం కాదు, ఊళ్ళో పందులున్న ఆయన. కుడితికి చాలడం లేదని వచ్చి అడిగాడు.

ఏం ఆడించాం అన్నది వివరంగా రాయాలి, ఎందుకంటే నాలాంటి పీడీలు చాలామంది ఇక్కడే తప్పు చేస్తాం. మాకు టీమ్ కావాలి. మండల స్థాయి పోటీలకి పన్నెండు మంది దొరికితే మా దృష్టి ఆ పన్నెండు మంది మీదే ఉంటుంది, మిగతా పిల్లలు గట్టు మీద కూర్చుని చప్పట్లు కొడతారు. అంతకంటే ముఖ్యం, మన ఆటల్లో చాలావాటికి 'అవుట్' ఉంటుంది. మెల్లగా పరిగెత్తేవాడు మొదట అవుట్ అవుతాడు, మొదట అవుటైన వాడు అందరికంటే ఎక్కువసేపు కూర్చుంటాడు. అంటే ఎవడికి ఆట ఎక్కువ అవసరమో వాడికే తక్కువ దొరుకుతోంది. నేనే ఏళ్ళ తరబడి అలా ఆడించాను.

కాబట్టి ఒక రూల్ పెట్టాను. ఈ ఇరవై నిమిషాల్లో ఎవరూ కూర్చోకూడదు. అవుటైతే చెట్టు చుట్టూ ఒక రౌండ్ తిరిగి మళ్ళీ ఆటలోకి రావాలి. ఏడు పెంకులాట, నేలా బండా, నాలుగు స్తంభాలాట, ఖోఖో, తొక్కుడుబిళ్ళ, ఇలా రోజుకో రెండు. స్కాట్లాండ్‌లో 2012లో ఒక ప్రైమరీ స్కూల్ పిల్లల్ని రోజూ పదిహేను నిమిషాలు బయట పరిగెత్తించడం మొదలుపెట్టి డైలీ మైల్ అని పేరు పెడితే అది చాలా దేశాలకి పాకింది. నేనూ వారం రోజులు ప్రయత్నించాను, మా పిల్లలకి ఊరికే చుట్టూ తిరగడం మూడో రోజుకే విసుగొచ్చేసింది. వెనకాల ఎవడో బంతి పట్టుకుని తరిమితే మాత్రం అదే దూరం గమనించకుండా పరిగెత్తేస్తారు. ఆ లావు కుర్రాడు తిరిగి వచ్చింది ఏడు పెంకులాటకే. వాడికి గురి బాగుంది, పెంకులు పడగొట్టాలంటే వాడు కావాలి. నేనేమీ బుజ్జగించలేదు, పిల్లలే పిలుచుకొచ్చుకున్నారు.

ఆడపిల్లల విషయం ఇంత సులువుగా తేలలేదు. మొదట్లో రావిచెట్టు కింద గుంపుగా నిలబడేవాళ్ళు. మన జిల్లా ఆవిడే, ఆముదాలవలస దగ్గర నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే అని చెప్పాను. కళ్ళు మెరిశాయి. ఆ రోజంతా అందరూ బరువులెత్తినట్టు యాక్షన్లు చేశారు, మర్నాడు మళ్ళీ రావిచెట్టు కిందే. చివరికి మా హిందీ మేడమ్ అసలు సంగతి రాబట్టారు. గ్రౌండ్ మధ్యంతా మగపిల్లల క్రికెట్, బంతి తగిలితే నవ్వుతారు. చున్నీ జారుతుందని భయం. బడిలో ఇచ్చిన బూట్లు పండక్కి వేసుకోవడానికి ఇంట్లో దాచారు, ఒట్టి కాళ్ళతో పల్లేరుకాయలు గుచ్చుకుంటాయి. నెలసరి రోజుల్లో ఏం చెప్పి తప్పించుకోవాలో తెలియదు, అడగడానికి నేను మగవాణ్ణి.

వీటిల్లో ఒక్కదానికీ స్ఫూర్తి అక్కర్లేదు. ఒక శనివారం అందరం కలిసి పల్లేరు మొక్కలు పీకేశాం. సున్నంతో గ్రౌండ్‌ని రెండుగా గీశాను, నీడ ఉన్న సగం సోమ, బుధ, శుక్రవారాలు ఆడపిల్లలది. చున్నీని వెనక్కి ముడేసి పిన్ను పెట్టుకోవచ్చని మేడమ్ చూపించారు. ఆడాలని లేని రోజు ఎవరికీ కారణం చెప్పక్కర్లేదు, స్కోరు పుస్తకం తీసుకుంటే చాలు, నేను అడగను. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం హిందీ మేడమ్ చీర కొంగు దోపుకుని టెన్నికాయిట్ ఆడటం. ఆవిడ నాలుగు రోజులు ఆడారు, అయిదో రోజుకి రింగుల కోసం కొట్లాట.

తిండి దగ్గరకి వస్తే, రాగి జావతో నాకు పెద్ద పేచీ పడింది. మా ప్రాంతంలో చోడి అంబలి కొత్త కాదు, రాగుల్ని మేం చోళ్ళనే అంటాం. కానీ పిల్లల లెక్కలో అది తాతల తిండి. "మా తాత తాగతాడు సార్, పొలం ఎల్లేటప్పుడు," అన్నాడొకడు ముక్కు మూసుకుని. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని చెప్తే ఎవడికి పట్టింది. గ్లాసుల్లో చూస్తే ఉండలు, అడుగున పిండి. అమ్మలతో కూర్చుని మాట్లాడితే తేలిందేమిటంటే పిండిని నేరుగా మరిగే నీళ్ళలో వేసేస్తున్నారు, టైమ్ లేక. ముందు చన్నీళ్ళలో కలిపి, ఆ తర్వాత మరిగే నీళ్ళలో పోసి తిప్పడం మొదలెట్టాక ఉండలు పోయాయి. కొంచెం ఏలకుల పొడి మేం టీచర్లమే కొనిచ్చాం. జావ ఇచ్చే రోజుల్లో నేనూ వాళ్ళతో పాటు వరసలో నిలబడి స్టీలు గ్లాసులో తాగాను. మొదటి వారం కష్టంగానే ఉండింది, దాచడమెందుకు.

గుడ్డు సంగతి కూడా అంతే. తెల్లసొన తినేసి పచ్చసొన కుక్కలకి వేస్తున్నారు, గొంతు పట్టేస్తుందని. ఉడికిన గుడ్డుని రెండు ముక్కలు చేసి పులుసులో వేస్తే పచ్చసొన పులుసులో కలిసిపోయింది, పిల్లలకి తెలియకుండానే అన్నంతో పోయింది. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర చాలాసార్లు కాలవలోకే వెళ్ళేది. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారంగా ఉంటుంది, ఒకసారి వాంతయినవాళ్ళు మళ్ళీ ముట్టరు. 2016-18 జాతీయ పోషణ సర్వేలో 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో 28 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, ఆ కూర్చుండిపోయిన పిల్ల అందులో ఉందో లేదో కళ్ళతో చూసి చెప్పలేను కదా, ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్ గారిని పిలిచి పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ తక్కువే ఉంది. మాత్రని భోజనం అయ్యాక, తరగతి టీచర్ ఎదురుగా వేసుకోవడం మొదలైంది. భోజనం పక్కన టీ వద్దు, అది ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, కూరలో నిమ్మకాయ పిండుకుంటే మంచిది అని ఏఎన్ఎమ్ గారే పిల్లలకి చెప్పారు. నేను చెప్పి ఉంటే వినేవాళ్ళు కాదు, ఆవిడ తెల్లకోటుకి విలువ ఉంది.

ఇక గేటు బయట కొట్టు. కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్న తిండిని బడిలోనూ గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని 2020లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది. మా కొట్టు గేటుకి ఇరవై అడుగులు. ఆ కాగితం ప్రింటు తీసి కొట్టు నడిపే ఆవిడకి చూపించాను, వీరుడిలా. "మరి మా అమ్మాయి ఫీజు నువ్వు కడతావేటి బాబూ?" అంది. జవాబు లేదు నా దగ్గర. కేసు పెట్టించి కొట్టు తీయిస్తే నలభై అడుగుల అవతల ఇంకోటి వస్తుంది, పైగా ఆవిడ మనవడు మా ఆరో తరగతిలోనే ఉన్నాడు. రెండు మూడు సార్లు కూర్చుని మాట్లాడాక ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, జామకాయ ముక్కలు, అరటిపళ్ళు ముందు పెట్టడానికి ఒప్పుకుంది, ప్యాకెట్లు వెనక్కి కట్టింది. తీసేయలేదు. వేరుశనక్కాయలు బాగానే పోతున్నాయట, జామకాయలు మాత్రం సీజన్ అయ్యాక లేవు. ఇది సగం విజయమని కూడా అనను, పావు.

2025 మేలో సీబీఎస్ఈ బడుల్లో, దేనిలో ఎంత పంచదారుందో చూపించే షుగర్ బోర్డులు పెట్టమన్నారని చదివి, మాది సీబీఎస్ఈ కాకపోయినా ఎనిమిదో తరగతి చేత అదే చేయించాను. కూల్‌డ్రింక్ లేబుల్ చదివి, వంద మిల్లీలీటర్లకి ఎంత పంచదారో లెక్కేసి, ఖాళీ సీసాలో అంత పంచదార పోసి వేలాడదీశారు. పావు లీటరు సీసాలో అయిదు చెంచాలు దాటింది. ప్యాకెట్ వెనక సోడియం అని ఉంటే దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుందని, రోజు మొత్తానికి అయిదు గ్రాముల ఉప్పు చాలని లెక్కల మాస్టారే చెప్పారు. పీరియడ్ పోయిన కోపం అప్పటికి చల్లారింది. ఆ సీసాని చూసి పిల్లల కంటే తల్లులే ఎక్కువ కంగారుపడ్డారు.

తల్లులతో అసలు మాట 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ సమావేశం రోజున జరిగింది. పొద్దున్న పిల్లలకి ఏమీ పెట్టడం లేదేమిటమ్మా అని అడిగి ఉంటే అక్కడితో అయిపోయేది. జీడిపప్పు పనికి ఏడింటికల్లా బయల్దేరే తల్లి ఆరింటికి అన్నం వార్చలేదు, ఇది నిందించే విషయం కాదు. నేను పొద్దున్న గంజన్నం తిని వచ్చాను, ఉల్లిపాయ నంజుకున్నాను అన్నాను. నవ్వారు. మాస్టారు గంజన్నం తింటారా అని ఒకావిడ నమ్మలేదు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే పొద్దున్నకి పొయ్యి వెలిగించే పనే లేదు కదా. వాళ్ళకి తెలియనిదా, తెలుసు. టీ బిస్కెట్ పెడితే టౌను పిల్లల్లా ఉంటుంది, గంజన్నం పెడితే పేదరికంలా ఉంటుంది, అదీ అడ్డం. అసెంబ్లీలో ఇప్పుడు గంజన్నం తిన్నవాళ్ళు చేతులెత్తండి అంటే మొదట నేను ఎత్తుతాను.

2025 ఫిబ్రవరిలో మళ్ళీ 600 మీటర్లు పెట్టాను. ఆ పిల్ల మూడో రౌండ్‌లో నడిచింది, నాలుగో రౌండ్ చివర మళ్ళీ కొంచెం పరిగెత్తింది. కూర్చోలేదు. అది గంజన్నం వల్లా, మాత్ర వల్లా, రోజూ ఆడటం వల్లా, అయిదు నెలలు పెరగడం వల్లా, నేను విడదీసి చెప్పలేను, అన్నీ ఒకేసారి చేశాను కాబట్టి. మళ్ళీ ఎవరైనా చేస్తే ఒక తరగతికి ఒకటి చొప్పున మొదలుపెట్టి చూడండి, నాకు ఆ తెలివి ముందు రాలేదు. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు రాగానే మొత్తం పద్ధతి కుప్పకూలింది, భోజనానికి ముందు ఆట అంటే నడి ఎండలో ఆట. పొద్దున్న అసెంబ్లీ ముందుకి మార్చాను, సగం మంది ఆలస్యంగా వచ్చేవాళ్ళు. ఆటోలు ఎప్పుడు దింపితే అప్పుడు. ఇదివరకు రెండు మైళ్ళు నడిచొచ్చే ఊళ్ళ నుంచి కూడా ఇప్పుడు ఆటోలే, దాన్ని మార్చమని ఏ తల్లికి చెప్తాం, రోడ్డు మీద లారీలు చూస్తూ.

చేతికి అందనిది పదో తరగతి. డిసెంబరు రాగానే వంద రోజుల ప్రణాళిక, పొద్దున్నా సాయంత్రం స్పెషల్ క్లాసులు, గ్రౌండ్ కిటికీలోంచి చూడటమే. తొమ్మిదికి ఈ ఏడాది ఇరవై నిమిషాలు సంపాదించాను. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదిలో ఉంది, ఖోఖోలో చేజింగ్ బాగా చేస్తుంది, జూన్‌లో పదికి వస్తుంది. పదో తరగతికి కూడా ఇరవై నిమిషాలు వదలండి మేడమ్, కావాలంటే సోషల్ రివిజన్ నేను చేయిస్తానని హెచ్ఎం గారికి ఇప్పుడే చెప్పి ఉంచాను. "చూద్దాం మాస్టారూ, అప్పటిదాకా మనిద్దరిలో ఎవరికి ట్రాన్స్‌ఫర్ అవుతుందో," అన్నారు.